గేరు మార్చవలసిన వేళ

సికింద్రాబాదులోని మోండా మార్కెట్టు పేరు వినని వారు జంటనగరములలో అరుదు. రైలు స్టేషను దిగి పడమటి వైపు నడిచినచో ముందు వాసనలు ఎదురువస్తాయి. కొత్తిమీర కట్టలు, మాగిన జామపండ్లు, ఎండుచేపలు, కర్పూరము, తడిసిన గోనెసంచులు, వీటన్నిటి వాసనలు కలిసి ఒక్క వాసనగా వస్తాయి. ఆ సందులలో ఒక మూల మా అమ్మ చాలా ఏండ్లు కూరగాయలు అమ్మినది. నేను ఆ గంపల ప్రక్కనే పెరిగినాను. ఈనాడు మీతో ముచ్చటించదలచినది మాత్రము కూరగాయలను గురించి కాదు, మోటారు సైకిలు గేరును గురించి. గేరు ఎట్లా మార్చవలెనో ఎవరైనా పావుగంటలో చెప్పగలరు. ఎప్పుడు మార్చవలెనో తెలియుటకు మాత్రము నాకు చాలా కాలము పట్టినది. దానికి మా అమ్మ మణికట్టు మూల్యముగా చెల్లించవలసి వచ్చినది.

ముందుగా గేరనగా ఏమో చెప్పవలెను. శ్రోతలలో బండి నడిపేవారు ఉంటారు, నడపని వారు అంతకంటె ఎక్కువగా ఉంటారు. నడపని వారు విసుగు చెందవద్దు. ఈ సంగతి నాకు బోధపడినది యంత్రశాస్త్ర గ్రంథములలో కాదు, మార్కెట్టు హమాలీల నడకలో.

చిన్నతనములో నేను హమాలీల వెంట తిరిగేవాడిని. ఉల్లిగడ్డల బస్తా వీపున వేసుకొన్న మనిషి చదును నేల మీద బారలు చాచి నడుస్తాడు. అదే మనిషి మెట్లు ఎక్కవలసి వచ్చినప్పుడు అడుగు కురచ చేస్తాడు. అడుగు కురచ అయినకొద్దీ అడుగుల సంఖ్య పెరుగుతుంది. ఊపిరి ఒక లెక్కన సాగుతూ ఉంటుంది, బస్తా పైకి చేరుతుంది. మెట్ల మీద కూడ బార అడుగులు వేయబోయిన కుర్రవాడు నాలుగవ మెట్టు మీద మోకాలు వంగి కూలబడతాడు. పెద్దవాళ్ళు వానిని చూచి నవ్వుతారు. బలము ఇద్దరికీ ఉన్నది, అడుగు కొలత తెలిసినవాడు ఒక్కడే.

గేరు చేసే పని సరిగా ఇదే. ఇంజను తిరిగే వేగమునకు, చక్రము తిరిగే వేగమునకు మధ్య ఉన్న లెక్కను అది మారుస్తుంది. పాతకాలపు నాలుగు గేర్ల బుల్లెట్టును తీసుకొందాము. మొదటి గేరులో వెనుక చక్రము ఒక్క చుట్టు తిరుగుటకు లోపల ఇంజను సుమారు పధ్నాలుగు, పదునైదు చుట్లు తిరుగుతుంది. నాలుగవ గేరులో అదే ఒక్క చుట్టునకు అయిదు చుట్లు తిరిగిన చాలును. మొదటిది మెట్ల మీది కురచ అడుగు, నాలుగవది చదును నేల మీది బార. ఇంజనుకు కూడ మనిషికి వలెనే ఒక ఊపిరి ఉన్నది. అది మరీ మెల్లగా తిరిగినచో బలము చాలదు. మరీ వడిగా తిరిగినచో అరపు ఎక్కువ, లాగుడు తక్కువ, పెట్రోలు వృథా. ఈ రెండింటి నడుమ ఒక మేర ఉన్నది. ఇంజనును ఆ మేరలోనే ఉంచుటకు గేర్లు పెట్టినారు. ఇంతకు మించిన రహస్యము అందులో లేదు.

ఇది తెలిసి కూడ నేను తప్పు చేసినాను.

1988లో మా ఇంటికి ఒక పాత బుల్లెట్టు వచ్చినది. మా నాయన దానిని మూడు చేతులు మారిన తరువాత కొన్నాడు. ఆ కంపెనీ కథ శ్రోతలలో చాలమందికి తెలిసినదే. మన సైన్యము సరిహద్దు గస్తీ కొరకు ఇంగ్లండు నుండి ఆ బండ్లను తెప్పించినది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా అను సంస్థ వెలిసి అక్కడనే వాటిని తయారు చేయసాగినది. మా బండి ఆ మద్రాసు సంతతిలోనిది. 346 సి.సి. ఇంజను. లోపలి సిలిండరు అడ్డము 70 మిల్లీమీటర్లు, పిస్టను పయనము 90 మిల్లీమీటర్లు. అనగా బక్కగా పొడవుగా ఉన్న సిలిండరు, దానికి తోడు బరువైన తిరుగుడు చక్రము. అందువలన అది మెల్లగా తిరుగుతూ కూడ బాగా లాగుతుంది. ఈ గుణమే నన్ను మోసగించినది. కొద్దిగా తప్పు చేసినచో అది క్షమిస్తుంది, క్షమించి క్షమించి ఒకనాడు క్షమించదు.

ఆ బండికి గేరు కుడికాలి ప్రక్క, బ్రేకు ఎడమకాలి ప్రక్క. మొదటి గేరు కొరకు మీటను కాలితో పైకి ఎత్తవలెను, తక్కిన మూడింటి కొరకు క్రిందికి నొక్కవలెను. దీనిని జ్ఞాపకముంచుకొనండి, కథలో దీనితో పని ఉన్నది.

నాకు నడుపుట నేర్పిన స్నేహితుడు చాలా క్రమశిక్షణ కలవాడు. అతడు అంకెలు వ్రాసి ఇచ్చినాడు: మీటరు మీద ఇంత రాగానే రెండు, ఇంత రాగానే మూడు, ఇంత దాటగానే నాలుగు. నేను వాటిని ఎక్కాల వలె వల్లించినాను. పెరేడు గ్రౌండ్సు చుట్టుప్రక్కల ఖాళీ వీధులలో ఆ ఎక్కము చక్కగా పనిచేసినది. వారము తిరుగక ముందే నేను నేర్చుకొన్నానని అందరికీ చెప్పుకొన్నాను.

ఆ సంవత్సరము వానాకాలములో ఒకనాటి సాయంత్రము మార్కెట్టు ముగించుకొని అమ్మను ఇంటికి తీసుకొని వస్తున్నాను. మా ఇల్లు చిలకలగూడ. స్టేషను ఒక ప్రక్క, చిలకలగూడ మరొక ప్రక్క. నడుమ రైలు పట్టాల క్రింద ఓలిఫెంటా వంతెన ఉన్నది. ఆ వంతెన క్రిందికి బాట దిగి మళ్ళీ ఎక్కుతుంది. వానలు పడినప్పుడు అక్కడ నీరు నిలుచుట ఇప్పటికీ ఉన్నదే. అమ్మ వెనుక ఒక ప్రక్కగా కూర్చున్నది. అమ్ముడుపోని వంకాయల సంచి నా ముందు ట్యాంకు మీద ఉన్నది.

దిగేటప్పుడు బండి తనంతట తానే వేగము పుంజుకొన్నది. మీటరు ముల్లు మూడవ గేరు అంకెను చూపినది, నేను మూడవ గేరు వేసినాను. ఎక్కము ప్రకారము నేను చేసినది తప్పు కాదు. క్రింద నీటిలో చక్రము తడబడినది, నేను రేసు తగ్గించినాను. ఎదుట ఎక్కుడు బాట, బండి మీద ఇద్దరు మనుషులు, ఒక సంచి. ఇంజను గొంతు మారినది. అంతవరకు గుండ్రముగా వచ్చిన శబ్దము విడివిడిగా, ఒక్కొక్క దెబ్బగా రాసాగినది. హ్యాండిలు చేతులలో వణికినది. నేను మాత్రము ముల్లునే చూస్తున్నాను. ముల్లు ఇంకా రెండవ గేరు గీత వరకు దిగలేదు, కనుక ఇంకా మార్చవలసిన పని లేదని నా బుద్ధి. రేసు మాత్రము పెంచినాను. లాగలేని ఇంజనుకు రేసు పెంచుట, కూలబడబోతున్న హమాలీని కొరడాతో కొట్టుట, రెండూ ఒకటే.

వెనుక బస్సు హారను వినబడినది. అప్పుడు కంగారులో గేరు తగ్గించవలెనని తోచి మీటను గట్టిగా క్రిందికి నొక్కినాను. ఆ బండికి క్రిందికి నొక్కినచో గేరు తగ్గదు, పెరుగుతుంది. మూడు నుండి నాలుగుకు పోయినది. హమాలీ మెట్ల మీద బార అడుగు వేసినాడు. ఇంజను ఒక్క కుదుపుతో ఆగిపోయినది. బండి వెనుకకు జారి ప్రక్కకు ఒరిగినది. అమ్మ చేయి ఆనించి పడినది. బస్సు డ్రైవరు సమయమునకు బ్రేకు వేసినాడు, ఆ పుణ్యాత్ముని ముఖము కూడ నేను చూడలేదు. అమ్మ కుడి మణికట్టు విరిగినది. వంకాయలు నీటిలో తేలినవి.

కట్టు కట్టించుకొని వచ్చిన తరువాత ఆమె నన్ను తిట్టలేదు. మంచము మీద కూర్చుండి ఒకే మాట అడిగినది. "బండికి ఆయాసమొస్తున్నది నాకు ఇనవడ్డది. ముందల కూసున్నోనివి, నీకెట్ల ఇనవడలేదురా?"

ఆమె జీవితములో ఎన్నడూ ఏ బండి నడపలేదు. బరువు మోసేవాని ఊపిరి మాత్రము ఆమెకు తెలుసు. ఏ హమాలీ అలసినాడో, ఎవనికి ఇంకొక బస్తా ఎత్తవచ్చునో అతడు నోరు తెరువక ముందే చెప్పగలిగేది. తరువాత నాలుగు నెలలు ఆమె ఎడమ చేతితో తక్కెడ పట్టినది. ఆ మణికట్టు తరువాత కూడ పూర్తిగా తిరుగలేదు. ఆనాటి నుండి ఆమె మోటారు సైకిలు ఎక్కనన్నది.

బండిని బాగుచేయించుటకు రాణీగంజిలో ఒక మెకానికు దగ్గరకు తీసుకొని పోయినాను. రాణీగంజు అనగా ఇనుము, యంత్రములు, విడిభాగములు దొరికే బజారు. మోండా మార్కెట్టులో కూరగాయ ఎట్లాగో అక్కడ నట్టు, బోల్టు అట్లాగు. ఆ మెకానికును అందరూ ఉస్తాదు అనేవారు, నేనూ అట్లాగే పిలిచినాను. ఆయన బండిని ఒకసారి కిక్కు కొట్టి, చెవి ఒగ్గి విని, "బండికి ఏం గాలేదు, నడిపెటోనికి అయింది" అన్నాడు. బాగుచేసినందుకు పది రూపాయలు తక్కువ పుచ్చుకొని, ఆ ఆదివారము తెల్లవారుజామున రమ్మన్నాడు.

ఆదివారము ఆయన చేసిన మొదటి పని, నూనె తుడిచే గుడ్డపేలికతో స్పీడు మీటరును మూసి కట్టుట. రెండవ పని వెనుక కూర్చుండుట. "ఇప్పుడు చెవుతోని నడుపు" అన్నాడు.

రేడియో ఉన్న ఇండ్లలోని వారికి ఈ సంగతి చెప్పుట సులభము. పాత రేడియోలలో స్టేషనును చేతితో త్రిప్పి వెదికేవాళ్ళము. సూది అంకె మీదికి వచ్చినంత మాత్రమున స్టేషను దొరకినట్లు కాదు. గరగరలు తొలగి గొంతు తేటపడిన చోట చేయి తనంతట తానే ఆగుతుంది. ఇంకొంచెము త్రిప్పినచో మళ్ళీ గరగర. ఇంజను కూడ అంతే. అంకె దగ్గరి వరకు తీసుకొని పోతుంది, తక్కినది చెవి చూచుకొంటుంది.

ట్యాంకు బండు మీద, 1986లో నిలిపిన విగ్రహముల వరుస ప్రక్కగా, చదును బాట మీద పై గేర్లకు మార్చుట నేర్పినాడు. మొదటి గేరులో బయలుదేరి రేసు ఇస్తూ పోగా శబ్దము మెల్లగా పైస్థాయికి ఎక్కుతుంది. కొంతసేపు శబ్దముతో పాటు లాగుడు కూడ పెరుగుతుంది, నడుము వెనుకకు నెట్టినట్లు తెలుస్తుంది. ఒక చోట శబ్దము మాత్రము పెరిగి లాగుడు పెరుగుట మానివేస్తుంది. అక్కడికి రాబోయే కొంచెము ముందు మార్చవలెను. రేసు వదలి, క్లచ్చి పట్టి, మీట కదిపి, క్లచ్చి వదలుతూ మళ్ళీ రేసు. ఈ నాలుగు పనులు విడివిడిగా చెప్పుకొంటాము కాని అవి చేసేటప్పుడు ఒక్క పనిగా కుదరవలెను. మార్చిన వెంటనే బండి సాఫీగా ముందుకు సాగినచో వేళ సరిపోయినది. మూలిగి వణికినచో తొందరపడినాము. ముందరికి తూలినచో క్లచ్చి వదలుటలో తప్పు ఉన్నది.

మా బండికి ఇంకొక జబ్బు ఉండేది. గేరుకు గేరుకు నడుమ ఎక్కడనో ఒక దొంగ న్యూట్రల్. మీట సగము నొక్కి వదలినచో గేరు పడినట్లే ఉండి పడేది కాదు. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. ఆ పాత గేరుపెట్టెలకు ఇది వంశపారంపర్యపు జబ్బు అని బుల్లెట్టు వాడినవారందరూ ఒప్పుకొంటారు. అసలు న్యూట్రల్ కొరకు మాత్రము మడమతో నొక్కే చిన్న మీట ఒకటి వేరుగా ఉండేది. ఆ సౌకర్యము ఆ తరువాతి బండ్లలో లేనందుకు నేను ఇప్పటికీ చింతిస్తాను.

ట్యాంకు బండు అయిన తరువాత నౌబత్ పహాడు ఎక్కించినాడు. 1976లో కట్టిన బిర్లా మందిరము ఉన్న ఆ గుట్ట బాట మంచి ఏటవాలు. అసలు పాఠము అక్కడ. ఎత్తు మొదలు కాక ముందే గేరు తగ్గించవలెను. ఎత్తు మధ్యలో తగ్గించబోయినచో క్లచ్చి పట్టిన ఆ ఒక్క క్షణములోనే బండి వేగమంతా పోతుంది. అందుకని ఎత్తు కండ్లకు కనబడినప్పుడే, కాలి క్రింద ఇంకా చదునుగా ఉన్నప్పుడే మార్చవలెను. ఒకవేళ మధ్యలో ఇంజను మూలిగినచో, వెంటనే, ఆలోచింపక, ఒక గేరు తగ్గించవలెను. తగ్గించేటప్పుడు రేసు పూర్తిగా చంపరాదు. క్లచ్చి పట్టి ఉన్నప్పుడు చేతిని కొంచెము విసరినట్లు రేసు ఇచ్చి వదలవలెను. క్రింది గేరులో అదే వేగమునకు ఇంజను ఎక్కువ చుట్లు తిరుగవలెను గదా, ఆ చుట్లను మనము ముందుగానే సమకూర్చుతున్నాము. సమకూర్చకపోయినచో వెనుక చక్రము పట్టేసినట్లయి గంతు వేస్తుంది. తడి బాట మీద ఆ గంతు ఎక్కడికైనా తీసుకొని పోతుంది.

దిగేటప్పుడు నేను పెట్రోలు ఆదా చేయవలెనని న్యూట్రల్ వేసినాను. వెనుక నుండి నెత్తి మీద ఒక మొట్టికాయ పడినది. "గుట్ట దిగేటప్పుడు ఎద్దుల కాడి ఇప్పుతారా?" అన్నాడు ఉస్తాదు. గేరులో ఉన్నంత వరకు ఇంజను చక్రమును వెనుకకు పట్టి ఆపుతూ ఉంటుంది. న్యూట్రల్ వేసినచో ఆ బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగుట పాత డ్రైవర్ల కట్టుబాటు, లారీలకైనా అంతే.

ఆ ఉదయము నాకు తెలిసినది ఇది. ఓలిఫెంటా వంతెన క్రింద నేను చివరి క్షణములో మీటను తప్పు వైపు నొక్కినాను, నిజమే. కాని తప్పు అక్కడ మొదలు కాలేదు. దిగుడులో బండి చూపిన వేగము బండిది కాదు, వాలుది. దానిని నమ్మి మూడవ గేరు వేసుట మొదటి తప్పు. ఇంజను ఆయాసపడుతున్నట్లు చెప్పినప్పుడు వినకపోవుట రెండవది. కంగారు మూడవది మాత్రమే. స్నేహితుడు ఇచ్చిన అంకెలు తప్పు కావు. అవి ఒంటరిగా, చదును మీద పోయే మనిషికి సరిపోయినవి. వంకాయల సంచి ఆ లెక్కలో లేదు, అమ్మ కూడ లేదు.

ఈ సందర్భములో మీటల స్థానమును గురించి రెండు మాటలు. తొలినాళ్ళలో మోటారు సైకిలు గేరును చేతితో మార్చేవారు, ట్యాంకు ప్రక్కన కర్ర ఉండేది. 1920ల చివర ఇంగ్లండులో వెలోసెట్టు కంపెనీకి చెందిన హెరాల్డు విల్లిస్ అను ఆయన, కాలితో ఒక్కొక్క మెట్టుగా మార్చే పద్ధతిని పందెపు బండ్లలో ప్రవేశపెట్టినాడు. తరువాత అందరూ దానిని అనుసరించినారు. మీట ఏ ప్రక్క ఉండవలెనో మాత్రము ఏకాభిప్రాయము లేదు. ఇంగ్లండు వారికి కుడి, ఇతర దేశములలో చాలమందికి ఎడమ. 1970ల మధ్యలో అమెరికా ప్రభుత్వము ఎడమనే ఉండవలెనని నిర్ణయించినది. అక్కడ అమ్మదలచిన కంపెనీలన్నీ దారికి వచ్చినవి. మన బుల్లెట్టు 2000 తరువాత గాని క్రమక్రమముగా ఎడమకు మారలేదు. ఇక మైసూరులో 1961 నుండి తయారైన జావా సంగతి వేరు. దానికి కిక్కు, గేరు రెండూ ఒకే మీట. కాలితో మీట కదిపినంతనే లోపల క్లచ్చి తనంతట తానే విడిపోయేది, చేతితో పట్టకపోయినను గేరు పడేది. ఆ వంశము పేరు మార్చుకొని యెజ్డీగా 1996 వరకు నడిచినది. మా మార్కెట్టులో ఒక పాల వ్యాపారికి జావా ఉండేది. రెండు ప్రక్కల క్యానులు వ్రేలాడదీసుకొని, ఎడమ చేయి గాలిలో ఊపి పలకరిస్తూ గేర్లు మార్చుకొంటూ పోయేవాడు. మాకు అది ఇంద్రజాలముగా తోచేది.

1985లో హీరో హోండా వారి నూరు సి.సి. బండి వచ్చిన తరువాత మన వీధుల శబ్దమే మారినది. దాని తరువాత 1994లో వచ్చిన స్ప్లెండరును తీసుకొనండి. సిలిండరు అడ్డము 50 మిల్లీమీటర్లు, పిస్టను పయనము 49.5. బుల్లెట్టు పిస్టను పయనములో ఇది సగము కంటె కొంచెమే ఎక్కువ. ఈ చిన్న ఇంజను వడిగా తిరిగి బలము తెచ్చుకొంటుంది. బుల్లెట్టు ఓర్చుకొన్నంత నెమ్మదిని ఇది ఓర్చుకోలేదు. బుల్లెట్టు మీద మూడవ గేరులో గుడగుడమంటూ దాటిన గతుకును దీని మీద రెండవ గేరులో దాటవలెను. ఒక బండి మీద నేర్చిన చెవి ఇంకొక బండికి యథాతథముగా పనికిరాదు. శ్రుతి మార్చుకోవలెను. అందులోను స్ప్లెండరుకు నాలుగు గేర్లూ క్రిందికే నొక్కవలెను. ఇతర బండ్లలో చాలా వాటికి మొదటిది క్రిందికి, తక్కినవి పైకి. బండి ఎరవు తెచ్చుకొన్నవారు ముందు ఈ సంగతి అడిగి తెలుసుకొనుట మంచిది. నేను అనుభవముతో చెప్పుచున్నాను.

ఆ అనుభవము ఎట్లా వచ్చినదనగా, మా తమ్ముని కూతురు గేరు బండి నేర్చుకొంటానన్నది. మా అమ్మ అంగడిని ఇప్పుడు ఆ పిల్ల చూచుకొంటున్నది. టోకు బేరము బోయినపల్లి మార్కెట్టు యార్డునకు తరలిపోయిన తరువాత మోండాలో చిల్లరగా అమ్మేవారు తెల్లవారుజామున అక్కడికి పోయి సరకు తెచ్చుకోవలెను. ఆటో కిరాయి రోజురోజుకు పెరుగుతున్నది. గేరు లేని స్కూటరు కొనరాదా అని నేను అన్నాను. బరువుతో దాని పెట్రోలు లెక్క ఆమె అప్పటికే వేసి ఉన్నది. పాత మోటారు సైకిలు చౌకగా వస్తుంది, ఎక్కువ దూరము పోతుంది. "గేరుంటె బరువు నా చేతుల ఉంటది పెద్దనాన్నా" అన్నది. ఇంట్లో అందరి చూపు అమ్మ మణికట్టు మీదికి పోయినది. అమ్మ ఏమీ మాటలాడలేదు.

నేను నేర్పుతానన్నాను. మొదటి రోజు, బండి ఎట్లా నడుస్తుందో చూపెదనని నేనే ఎక్కినాను. మొదటి గేరులో బయలుదేరి, రెండవది వేయుటకు అలవాటు చొప్పున కుడికాలితో నొక్కినాను. అక్కడ ఉన్నది బ్రేకు. బండి నిలువునా ఆగినది, నా ముక్కు అద్దమునకు తగిలినది. పిల్ల నవ్వు ఆపుకోలేక చెట్టు పట్టుకొని నిలబడినది. ఆ తరువాత నేను వెనుక కూర్చుండి చెప్పుటకే పరిమితమైనాను.

ఆమెకు నేను అంకెలు ఇవ్వలేదని చెప్పలేను. మొదటి వారము ఏదో ఒక ఆధారము కావలెను. నూరు సి.సి. బండికి చదును మీద, ఒంటరిగా, సుమారు పది పదునైదు కిలోమీటర్ల వేగములో రెండు, పాతిక దగ్గర మూడు, నలుబది దగ్గర నాలుగు అన్నాను. వెంటనే గుడ్డపేలిక కూడ కట్టినాను. ఈ కాలపు బండ్లతో ఒక చిక్కు ఉన్నది. 2020 ఏప్రిలు నుండి వచ్చిన కొత్త కాలుష్య నియమముల తరువాత కార్బురేటరు పోయి, పెట్రోలును లెక్కగా చిమ్మే యంత్రము వచ్చినది. శబ్దము మెత్తబడినది, ఇంజను తడబాటును అది కొంతవరకు తానే సర్దుకొంటుంది. ఏ గేరులో ఉన్నామో అంకె వేసి చూపే బండ్లు ఉన్నవి, గేరు పెంచుమని దీపము వెలిగించేవి కూడ ఉన్నవి. ఆ దీపము పెట్రోలు పొదుపును చూచి చెప్పుతుంది. మీ ముందు ఎత్తు ఉన్నదని, గతుకు ఉన్నదని దానికి తెలియదు. శబ్దము చాలనప్పుడు పాదముల క్రింది వణుకును, నడుముకు తగిలే లాగుడును గమనించుమన్నాను.

మోండా సందులలో నడుపుట వేరే విద్య. అక్కడ గేర్లతో పని లేదు, మొదటి గేరు ఒక్కటే. ముందర తోపుడు బండి, ప్రక్కన ఆవు, కాలి క్రింద కుళ్ళిన టమాటాలు. క్లచ్చి సగము పట్టి, వెనుక బ్రేకును మునివేళ్ళతో అదిమి, రేసును అట్లాగే నిలిపి, మనిషి నడక కంటె మెల్లగా పోవలెను. అట్లని సందు పొడవునా క్లచ్చి సగము పట్టి ఉంచినచో పళ్ళెములు కాలుతాయి. కాలిన వాసన ఎండుచేపల వాసనను కూడ మించుతుంది. ఒకచోట ఆగవలసి వచ్చినప్పుడు న్యూట్రల్ వేసి చేయి వదలవలెను. ఇంకొక సంగతి. నాలుగవ గేరులో వచ్చి ఉన్నట్లుండి ఆగిపోయినచో, ఆగిన తరువాత గేర్లు దిగవు. లోపలి పళ్ళు ఒకదానికొకటి ఎదురుపడి మొరాయిస్తాయి. మీటను తన్నరాదు. బండిని కొంచెము ముందుకు వెనుకకు ఊపినను, క్లచ్చిని వెంట్రుక వాసి వదలినను పళ్ళు జరిగి దారి ఇస్తాయి. మెల్లబడుతూ ఉండగానే ఒక్కొక్కటిగా దిగి రావడము అలవాటైనచో ఆ బాధే లేదు. పైగా అత్యవసరముగా తప్పుకోవలసి వచ్చినప్పుడు బండి సిద్ధముగా ఉంటుంది.

ఆమె పరీక్షకు పోయి, ఎనిమిది అంకె ఆకారపు బాట మీద కాలు దింపకుండ తిరిగి, లైసెన్సు తెచ్చుకొన్నది. అప్పటి నుండి బోయినపల్లికి పోయి వస్తున్నది. చీకటితో లేస్తుంది, ఏడు గంటల లోపల గంపలు దింపుతుంది. ఆటో కిరాయి మిగిలిన డబ్బుతో ఈ వేసవిలో అంగడి పైకప్పు రేకు మార్చించినది.

మొన్న ఆషాఢములో, ఉజ్జయినీ మహంకాళి బోనాల ముందు వారము, అమ్మ అంగడిని చూచి వస్తానన్నది. ఆటో పిలువబోయినాను. అమ్మ చేయి అడ్డము పెట్టి మనుమరాలి వైపు చూచినది. "నువ్వు తీస్కపో బిడ్డా" అన్నది. నేను వద్దనలేదు, వద్దనుటకు నాకు నోరు లేదు. అమ్మ ఒక ప్రక్కగా కూర్చుండి, కుడి చేయి ఒడిలో పెట్టుకొని, ఎడమ చేతితో పిల్ల భుజము పట్టుకొన్నది. వెనుక నా బుల్లెట్టు మీద నేను.

ముందటి రాత్రి వాన పడినది. ఓలిఫెంటా వంతెన క్రింద పాదము లోతు నీరు ఉన్నది. దిగుడు మొదలు కాక ముందే పిల్ల చక్రము వేగము తగ్గినది. నేను వెనుక నుండి వినగలిగినాను. మూడు నుండి రెండునకు, చిన్న విసురుతో, గంతు లేకుండ. అదే గేరులో దిగినది, నీటిని చీల్చినది, అదే గేరులో ఎక్కసాగినది. ఇంజను గుండ్రముగా, ఒకే లెక్కన పలికినది. పైకి చేరి చదును బాట పట్టిన తరువాత గాని ఆమె మూడవ గేరు వేయలేదు.

అంగడి దగ్గర దిగి అమ్మ చీర సర్దుకొన్నది. గంపలలోని వంకాయ ఒకటి తీసి వ్రేలితో నొక్కి చూచి, ఏమి ధరకు తెచ్చినావని అడిగినది. ధర విని, బోయినపల్లిలో నిన్ను మోసము చేసినారన్నది.